పిన్న వయసు – పెద్ద పూనిక
సేవాకార్యాలు నెలకొల్పిన బాలికలకు సమాజమిచ్చిన గుర్తింపు: ఒక చారిత్రక పరిశీలన

ఒక విద్యాలయం డెబ్బది ఐదు సంవత్సరాలు నిలిచిందంటే, ఆ గోడల నడుమ మూడు తరాల బాల్యం గడిచిందని అర్థం. అటువంటి శుభసందర్భంలో వెలువడే సంచికలో వ్యవస్థాపకుల దూరదృష్టి, దాతల ఔదార్యం, ప్రధానోపాధ్యాయుల కార్యదక్షత, ఉన్నత పదవులలంకరించిన పూర్వవిద్యార్థుల కీర్తి చోటు చేసుకోవడం సహజమూ, సముచితమూ. అయితే ఏ పాఠశాల చరిత్రలోనైనా లిఖితపూర్వకంగా నిలువని ఒక అధ్యాయం ఉంటుంది. తాను చదువుకుంటున్న వయసులోనే ఇరుగుపొరుగు పిల్లలను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించిన ఆడపిల్ల, తోటి బాలికలను కూడగట్టి ఒక మంచి పని మొదలుపెట్టిన ఆడపిల్ల, నలుగురి కోసం చందాలు పోగుచేసి లెక్క అప్పజెప్పిన ఆడపిల్ల ఆ అధ్యాయానికి కర్తలు. వారి పేర్లు హాజరు పట్టీలో ఉంటాయి, ఆ తరువాత పెళ్లి శుభలేఖలో ఉంటాయి, మరెక్కడా కనిపించవు.

ఇటువంటి బాలికలను సమాజం ఎప్పుడు గుర్తించింది, ఏ రూపంలో గుర్తించింది, ఆ గుర్తింపు వారికి ఏ మేరకు తోడ్పడింది అనే ప్రశ్నలను చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. కొరాపుట్, రాయగడ ప్రాంతాలలో నివసించే తెలుగువారికి ఈ ప్రశ్నలు దూరపు విషయాలు కావు. ఎందువల్లనో క్రమంగా విన్నవించుకుంటాను.

మన నేల – మన నేపథ్యం

నేటి కొరాపుట్, రాయగడ జిల్లాల భూభాగం 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేంత వరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో అంతర్భాగంగా ఉండేది. ఇందులో అధికభాగం జయపురం సంస్థానాధీశుల ఏలుబడిలోనిది. 1992 అక్టోబరు 2వ తేదీన కొరాపుట్ జిల్లాను విభజించినప్పుడు రాయగడ ప్రత్యేక జిల్లా అయినది. పరిపాలనా సరిహద్దులు మారినను విజయనగరం, పార్వతీపురం, సాలూరు మార్గాల రాకపోకలు ఆగలేదు. రైలు మార్గం, మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం, జయకేపురం కాగితపు మిల్లు, సునాబెడ విమాన యంత్రాల కర్మాగారం, దమన్‌జోడి అల్యూమినా కర్మాగారం ఎన్నో తెలుగు కుటుంబాలను ఈ కొండల మధ్యకు రప్పించాయి. ఒడియా, తెలుగు, కువి, పరజ, సవర భాషలు ఒకే సంతలో వినిపించే సీమ మనది.

విద్య విషయంలో ఈ సీమ తెలుగునాటికి చేసిన ఉపకారం చిన్నది కాదు. సాహితీ సార్వభౌముడుగా పేరుగాంచిన జయపురాధీశుడు శ్రీ విక్రమదేవ వర్మ 1931లో సింహాసనమధిష్ఠించిన పిమ్మట, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయల విరాళాన్ని ఏర్పాటు చేశారు. వాల్తేరులో విజ్ఞానశాస్త్ర కళాశాల ఆ ధనంతో వర్ధిల్లింది. ఈ కొండల నుండి వసూలైన శిస్తు సముద్రతీరాన చదువులకు ఆలంబమైనదన్నమాట. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవలెనని మనవి. దీనితో మనకు ముందు ముందు పని ఉన్నది.

ఇంతటి విద్యాదానానికి పుట్టినిల్లయిన ఈ ప్రాంతంలోనే 2011 జనాభా లెక్కల నాటికి కొరాపుట్, రాయగడ జిల్లాలు రెంటిలోనూ అక్షరాస్యులైన స్త్రీలు నూటికి నలుబది మంది లోపే. మన విషయానికి ఈ అంకెయే అసలైన పీఠిక. ఇక్కడ ఒక బాలిక పదవ తరగతి దాకా వచ్చిందంటేనే అనేకులకు అందని మెట్టు ఎక్కినట్లు. ఆ మెట్టుపై నిలబడి మరొకరికి చేయి అందించిందంటే ఆ పని ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

కాకినాడ బాలిక కథ

తెలుగుజాతి చరిత్రలో, బాల్యంలోనే సేవాసంస్థకు పూనుకొన్న బాలిక అనగానే మొదట స్ఫురించే పేరు దుర్గాబాయి. 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో ఒక మధ్యతరగతి కుటుంబంలో జన్మించి, కాకినాడలో పెరిగిన ఆమెకు ఎనిమిదవ యేటనే వివాహం చేశారు. ఆనాటి ఆచారమది. జాతీయోద్యమ ప్రభావంతో ఆంగ్ల మాధ్యమ విద్యను నిరసించి ఆ బాలిక బడి మానింది. బడి మానినా చదువు మానలేదు. హిందీ నేర్చుకొని, తాను నేర్చినది తోటి స్త్రీలకు నేర్పడానికి ఒక బాలికా హిందీ పాఠశాలను ప్రారంభించింది. అప్పటికామె వయసు నేడు ఉన్నత పాఠశాలలో మెట్లెక్కే ఆడపిల్లల వయసే.

1921 ఏప్రిల్‌లో గాంధీ మహాత్ముడు కాకినాడకు వచ్చారు. ఆ సందర్భంలో దేవదాసీలనూ, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలనూ ఆయన సమక్షానికి తీసుకొని రావలెనని పండ్రెండవ యేడు నడుస్తున్న ఆ బాలిక సంకల్పించింది. సమాజం వెలివేసిన వారు కొందరు, నాలుగు గోడల మధ్య మగ్గేవారు మరికొందరు. వారికి మహాత్ముని మాటలు అందరికంటె ఎక్కువ అవసరమని ఆమె భావించింది. కార్యక్రమ నిర్వాహకులు ఒక షరతు విధించారు. ఐదు వేల రూపాయల నిధి సమకూర్చితేనే కొద్ది నిమిషాల సమయం కేటాయించగలమన్నారు. ఆ రోజుల్లో ఐదు వేలంటే సామాన్యం కాదు. ఆ బాలిక ఇల్లిల్లూ తిరిగింది. దేవదాసీలే ముందుకు వచ్చి సొమ్ము కూర్చారు. సభ జరిగింది. కొద్ది నిమిషాల కోసం వచ్చిన గాంధీజీ అరగంటకు మించి మాట్లాడారు. ఎందరో స్త్రీలు తమ ఒంటి నగలు ఒలిచి ఇచ్చారు. దుర్గాబాయి తన చేతి బంగారు గాజులు ఇచ్చింది.

ఆ తరువాత జరిగినది మరింత గమనింపదగినది. గాంధీజీ ఆ బాలికను తన కారులో ఎక్కించుకొని బహిరంగ సభకు తీసుకొని వెళ్లారు. అక్కడ ఆయన హిందీ ప్రసంగాన్ని తెనిగించడానికి దేశభక్త కొండా వెంకటప్పయ్య పంతులు గారు సిద్ధంగా ఉండగా, ఆ పనిని దుర్గాబాయికి అప్పగించారు. మహాసభలో, వేలాది జనం ఎదుట, పట్టుమని పండ్రెండేండ్లు నిండని ఆడపిల్ల గొంతు మహాత్ముని గొంతుకు తెలుగైంది.

1923 డిసెంబరులో మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతన కాకినాడలో జాతీయ కాంగ్రెసు మహాసభ జరిగింది. అప్పటికామెకు పదునాలుగేండ్లు. తన పాఠశాలలో హిందీ నేర్పి స్త్రీలను స్వచ్ఛంద సేవకు సిద్ధపరచిన ఆమెను ప్రదర్శనశాల ద్వారం వద్ద నియమించారు. టికెట్టు లేనివారిని లోనికి పంపరాదని ఉత్తర్వు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన వద్ద టికెట్టు లేదు. ఆమె అడ్డగించింది. నిర్వాహకులు కోపగించగా, తాను ఉత్తర్వునే పాటించానని వినయంగా బదులు చెప్పింది. టికెట్టు కొని తెచ్చిన తరువాతనే నెహ్రూను లోనికి విడిచింది. ఆయన ఆ బాలిక కర్తవ్యనిష్ఠను మెచ్చుకొన్నారు.

గుర్తింపు – నాలుగు రూపాలు

ఈ సంఘటనలను మనం సాధారణంగా దుర్గాబాయి ధైర్యానికి ఉదాహరణలుగా చెప్పుకుంటాము. పిల్లలకు వక్తృత్వ పోటీలలో వల్లె వేయిస్తాము. కాని వీటిని మరొక వైపు నుండి చూడవలసి ఉన్నది. ఆ బాలిక ఎదుట నిలబడిన పెద్దలు ఏమి చేశారు? ఆమెను ఏ విధంగా గుర్తించారు?

గాంధీజీ ఆమెకు శాలువా కప్పలేదు. ప్రశంసాపత్రం చదివించలేదు. ఒక పని అప్పగించారు. అంతకు ముందు రోజు వరకు పెద్దలకు మాత్రమే తగినదని అందరూ అనుకున్న పనిని ఆమె చేతిలో పెట్టారు. బాధ్యతను అప్పగించడం గుర్తింపుకు మొదటి రూపం.

నెహ్రూ ఆ రోజున చేసినది చిన్న పని. టికెట్టు వచ్చేవరకు ఆగి, ఒక బాలిక అమలు పరచిన నియమానికి తానూ లోబడినారు. పిల్లలు నెలకొల్పిన సంఘాన్ని చూసి ముచ్చటపడే పెద్దలు అనేకులుంటారు. ఆ సంఘం పెట్టిన కట్టుబాటును తామూ పాటించేవారు అరుదు. పిల్లల పనిని ఆటగా కాక పనిగా ఎంచడం గుర్తింపుకు రెండవ రూపం.

మూడవది ఆమె ఇంట్లోనే లభించింది. ఈడు వచ్చిన పిమ్మట, బాల్యంలో జరిగిన ఆ వివాహ బంధంలో జీవించడానికి తాను సమ్మతించనని ఆమె చెప్పినప్పుడు కుటుంబం ఆమె పక్షాన నిలిచింది. 1920ల నాటి తెలుగు కుటుంబంలో ఇది అసాధారణమైన సంగతి. ఆ తోడు లేకుంటే హిందీ పాఠశాల నడిపిన బాలిక కథ అక్కడితో ముగిసేది. మనకు 1937లో మద్రాసున వెలసిన ఆంధ్ర మహిళా సభ లేదు, రాజ్యాంగ సభలో ఆమె గొంతు లేదు, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలూ లేదు. చేస్తున్న పని ఆగిపోకుండా రక్షణ కల్పించడం గుర్తింపుకు మూడవ రూపం.

నాలుగవ రూపం అక్షరబద్ధం చేయడం. ఈ విషయంలో మనకు మార్గదర్శి శ్రీమతి భండారు అచ్చమాంబ. 1874లో పుట్టి 1905లోనే కాలధర్మం చెందిన ఈ విదుషీమణి, సోదరుని పుస్తకాల ద్వారా స్వయంకృషితో చదువు నేర్చి, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అనే గ్రంథంలో భారతదేశపు స్త్రీరత్నాల చరిత్రలను కూర్చారు. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించారు. స్త్రీలు ఏమి సాధించారని అడిగేవారికి, సాధించినవారి పేర్లను గ్రంథస్థం చేయడమే ఉత్తమమైన సమాధానమని ఆమె కృషి నిరూపించింది. వ్రాయని చరిత్ర జరగని చరిత్రతో సమానమైపోతుంది.

వాల్తేరు వసతిగృహం

దుర్గాబాయి జీవితంలోని మరొక ఘట్టం మన ప్రాంతానికి పరోక్షంగా సంబంధించినది. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని కారాగారవాసం అనుభవించిన పిమ్మట, ఆమె కాశీ విశ్వవిద్యాలయ మెట్రిక్యులేషన్ పరీక్ష గట్టెక్కి, ఉన్నత విద్యకై ఆంధ్ర విశ్వకళాపరిషత్తును ఆశ్రయించారు. స్త్రీలకు వసతిగృహం లేనందున ప్రవేశం ఇవ్వడానికి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు సందేహించారు. వసతి లేక చదువు మానుకొన్న యువతులు తనకు జాబు వ్రాయవలసినదని ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చారు. వచ్చిన వారిని కూర్చుకొని తామే ఒక వసతిగృహం నెలకొల్పుకొన్నారు. దానితో ఆమెకు ప్రవేశం లభించింది, ఆమె వెనుక మరికొందరికీ ద్వారం తెరుచుకొంది.

జయపురం మహారాజు ఏటా పంపిన లక్ష రూపాయలతో ప్రయోగశాలలు వెలసిన విద్యాలయంలోనే, ఆడపిల్లలకు తలదాచుకొనే గది లేకపోయింది. ఆ లోటును పూడ్చినది ఒక విద్యార్థిని. దాత గొప్పవాడే, విద్యాలయమూ గొప్పదే. అయినను ఏ వసతి కొరవడిందో ఆ లోటును అనుభవించే వారికే ముందుగా తెలుస్తుంది. బాలికలు మొదలుపెట్టే సేవాకార్యాల ప్రత్యేకత ఇందులోనే ఉన్నది. మరుగుదొడ్డి లేని బడి సంగతి, చీకటి పడితే నడవలేని దారి సంగతి, తమ్ముణ్ణి ఎత్తుకోవలసి వచ్చి బడి మానిన స్నేహితురాలి సంగతి, పెద్దల సభలకంటె ముందు పదమూడేండ్ల పిల్లకు తెలుస్తాయి.

రాయగడకు వచ్చిన అన్నపూర్ణ

ఇప్పుడు మన జిల్లాకే చెందిన ఒక ఉదాహరణను మనవి చేస్తాను. 1917 నవంబరు 3న ఒడిశాలో జన్మించిన అన్నపూర్ణా మహారణా, ప్రసిద్ధ స్వాతంత్ర్య సమరయోధులు గోపబంధు చౌధురి, రమాదేవి దంపతుల కుమార్తె. పదునాలుగేండ్ల ప్రాయం నాటికే ఆమె గాంధీజీ మార్గాన్ని అనుసరించింది. 1934లో మహాత్ముడు పూరీ నుండి భద్రక్ వరకు చేసిన హరిజన పాదయాత్రలో ఆయన వెంట నడిచింది. 1942 క్విట్ ఇండియా ఉద్యమంతో సహా పలుమారులు చెరసాల పాలయింది. స్వాతంత్ర్యం సిద్ధించిన తరువాత స్త్రీల, బాలల అభ్యున్నతికి జీవితాన్ని అంకితం చేసి, రాయగడ ప్రాంతంలో గిరిజన బాలల కోసం పాఠశాలను తెరిచారు. ఆచార్య వినోబా భావే భూదాన ఉద్యమంలోనూ పాలుపంచుకొన్నారు. 1955లో ఆ ఉద్యమం కొరాపుట్ సీమలో వందలాది గ్రామదానాలకు దారితీసిన సంగతి పెద్దలకు తెలిసినదే.

ఆమెకు గుర్తింపు ఎప్పుడు లభించింది? కొరాపుట్‌లో 2009లో నెలకొన్న కేంద్రీయ విశ్వవిద్యాలయం 2012 ఆగస్టు 19న ఆమెకు గౌరవ డాక్టరేటు నిచ్చింది. అప్పటికామె వయసు తొంబది నాలుగు సంవత్సరాలు దాటింది. కటకంలోని ఆమె గృహంలోనే ప్రత్యేకంగా ఆ ఉత్సవం జరుపవలసి వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరు 31న ఆమె పరమపదించారు. మన కొండప్రాంతపు విశ్వవిద్యాలయం ఈ పుణ్యకార్యం చేసినందుకు మనం గర్వించవలసినదే. కాని లెక్క వేసి చూడండి. పదునాలుగవ యేట మొదలైన సేవకు తొంబది నాలుగవ యేట డాక్టరేటు! మధ్యన ఎనుబది సంవత్సరాలు. ఆమెకు పట్టా అవసరం లేదు. ఆ ఎనుబది సంవత్సరాలలో మన ఊళ్లలో పెరిగిన బాలికలకు అటువంటి ఆదర్శం ఒకటి ఉన్నదని తెలియడం అవసరం.

విత్తనాలు కాచిన చేతులు, చీపుళ్లు కట్టిన చేతులు

ఇదే ఆలస్యాన్ని కొరాపుట్ జిల్లా పత్రాపుట్ గ్రామవాసిని శ్రీమతి కమలా పూజారి జీవితంలోనూ చూడవచ్చు. పరజ తెగకు చెందిన ఈమెకు బడిచదువు లేదు. ఇంటింటా తిరిగి అంతరించిపోతున్న దేశవాళీ వరి విత్తనాలను సేకరించి, తోటి స్త్రీలకు పంచి, రసాయనాలు లేని సేద్యాన్ని ప్రచారం చేశారు. జయపురంలో స్వామినాథన్ పరిశోధన సంస్థ ఆమెకు తోడు నిలిచింది. 2002లో జోహాన్నెస్‌బర్గ్‌లో జయపురం ప్రాంత ఆదివాసుల కృషికి అంతర్జాతీయ పురస్కారం లభించింది. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కొరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని ప్రపంచ వారసత్వ వ్యవసాయ వ్యవస్థగా గుర్తించింది. కమలా పూజారికి పద్మశ్రీ 2019లో వచ్చింది. 2024 జూలై 20న ఆమె మరణించారు. ఆ సంవత్సరమే కొరాపుట్ కలాజీరా బియ్యానికి భౌగోళిక గుర్తింపు లభించింది. విత్తనాన్ని దాచే విద్య గిరిజన గృహాలలో తల్లి నుండి కూతురికి సంక్రమిస్తుంది. ధాన్యపు గింజలను వేరు చేస్తున్న ఆ చిన్నపిల్లను చూసి ఏ అధికారీ ఏ పురస్కారాన్నీ తలపోయడు. ఆమె తల నెరిసిన తరువాతనే మనకు కనిపిస్తుంది.

రాయగడ జిల్లా కాశీపురం సమితి స్త్రీల అనుభవం మరొక పాఠం నేర్పుతుంది. ‘అమ సంగఠన’ అనే సంఘంగా ఏర్పడిన గిరిజన స్త్రీలు 1990ల దశకంలో కొండచీపురు గడ్డిని సేకరించి, చీపుళ్లు కట్టి, దళారుల ప్రమేయం లేకుండా అమ్ముకొనడానికి పూనుకొన్నారు. తమ కష్టానికి తగిన ధర రాబట్టుకొనడమే వారి ఉద్దేశం. కాని ఆ అటవీ వస్తువుల వ్యాపారంపై గుత్త హక్కు అప్పటికే ఇతరులకు దక్కి ఉన్నందున, వారు కట్టిన చీపుళ్లను అధికారులు జప్తు చేశారు. పచ్చి గడ్డి కోయవచ్చునట, కట్టి అమ్మరాదట! ఈ విపరీతంపై చాలాకాలం వాదోపవాదాలు నడిచాయి. చివరకు 2000 మార్చిలో ఒడిశా ప్రభుత్వం అరువదికి పైగా చిన్నతరహా అటవీ ఉత్పత్తులను గ్రామపంచాయతీల అజమాయిషీకి విడిచిపెట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ హక్కును మరింత దృఢపరచింది.

ఇందులో మనం గ్రహించవలసినది ఒకటి ఉన్నది. సేవాకార్యం చేసేవారికి సన్మానం చేసి, వారి పనికి అడ్డుపడే నిబంధనను అలాగే ఉంచితే ఆ సన్మానం వట్టి అలంకారం. ఆ స్త్రీలకు కావలసినది తాము కట్టిన చీపురును తామే అమ్ముకొనే హక్కు. బాలికల విషయంలోనూ అంతే. వేదికపై జ్ఞాపిక అందుకొన్న పిల్లకు మరునాడు పెళ్లిచూపులు ఏర్పాటైతే ఆ జ్ఞాపిక అటకెక్కుతుంది. బాల్యవివాహ నిరోధానికి 1929లో శారదా చట్టం వచ్చింది. అప్పుడు ఆడపిల్లకు పదునాలుగేండ్ల వయసు నిర్ణయించారు. 1978లో దానిని పదునెనిమిదికి పెంచారు. 2006లో మరింత కఠినమైన చట్టం చేశారు. చట్టం ముందు నడుస్తున్నది, ఆచారం వెనుక ఈడ్చుకొని వస్తున్నది. ఆ రెంటి నడుమ దూరంలో ఎందరో దుర్గాబాయిలు కనుమరుగవుతున్నారు.

సాహసానికి పతకం – సహనానికి?

బాలలను జాతీయస్థాయిలో గౌరవించే ఆచారం మన దేశంలో 1957లో మొదలైంది. ఆ సంవత్సరం అక్టోబరు 2న ఢిల్లీ రామలీలా మైదానంలో నెహ్రూ ప్రభృతులు కూర్చున్న షామియానాకు నిప్పంటుకొనగా, పదునాలుగేండ్ల స్కౌటు బాలుడు హరీశ్ చంద్ర మెహ్రా తన కత్తితో గుడ్డను చీల్చి వారికి దారి కల్పించాడు. అతని సాహసమే జాతీయ సాహస బాలల పురస్కారాలకు నాంది. విశిష్ట ప్రతిభ చూపిన బాలలకు వేరుగా జాతీయ పురస్కారం 1996లో ఏర్పడింది. 2018లో దానిని పునర్వ్యవస్థీకరించి బాలశక్తి పురస్కారంగా మార్చినప్పుడు సమాజసేవ కూడా అర్హమైన రంగాలలో చేరింది.

ఒక క్షణంలో చూపిన సాహసాన్ని మనం ముందుగా గుర్తించాము. ఏండ్ల తరబడి చూపిన ఓర్పును గుర్తించడానికి మరి నాలుగు దశాబ్దాలు పట్టింది. ఇది సహజమే. అగ్నిలో దూకినవారు అందరి కంటా పడతారు. ప్రతి సాయంకాలం ఐదుగురు పిల్లలకు ఎక్కాలు చెప్పేవారు ఎవరి కంటా పడరు. జాతీయ పురస్కార సంఘానికి ఆ అరుగు కనిపించదు. అది కనిపించేది ఆ ఊరి బడికి మాత్రమే.

ఇక్కడ ఒక ఆక్షేపణను కూడా విచారించవలె. పిన్న వయసులో పొగడ్తలు పిల్లలను చెడగొట్టవా, సేవకంటె ఛాయాచిత్రం ముఖ్యం కాదా అని విజ్ఞులు శంకిస్తారు. ఈ శంక నిర్హేతుకం కాదు. పత్రికలో బొమ్మ కోసం ఒకనాడు మొక్క నాటి, మరునాడు నీరు పోయని సేవలు మనం చూస్తూనే ఉన్నాము. అయితే దీనికి మందు గుర్తింపును మానివేయడం కాదు, దాని తీరు మార్చడమే. కాకినాడలో జరిగినట్లు పని అప్పగిస్తే, ఆ పనియే పిల్లలను సరిదిద్దుతుంది. తెనిగించే బాధ్యత మీద పడిన బాలికకు పొగడ్తకు మురిసిపోయే తీరిక ఉండదు. మరునాడు మరొక సభకు సిద్ధం కావలె.

మన కర్తవ్యం

ఈ చరిత్ర నుండి మన విద్యాలయానికి వర్తించే కొన్ని సూచనలను సవినయంగా మనవి చేస్తున్నాను.

మొదటిది, ఒక సేవాపుటం. హాజరు పట్టీ, మార్కుల పట్టీ ఉన్నట్లే ప్రతి పాఠశాలలోనూ ఒక పుస్తకం ఉండవలె. ఏ బాలిక ఏ మంచి పని మొదలుపెట్టింది, ఎందరికి ఉపయోగపడింది, ఎన్నాళ్లు సాగింది అనే వివరాలు ఏటా అందులో వ్రాయించి ప్రధానోపాధ్యాయులు సంతకం చేయవలె. రేపటి శతజయంతి సంచికకు వ్యాసం వ్రాయబోయే వారికి ఆ పుస్తకమే ఆధారం.

రెండవది, పనికి తావు. బడి ముగిసిన తరువాత ఒక గది తాళం, ఒక నల్లబల్ల, ఒక జమాఖర్చుల పుస్తకం. వీటికి పెద్ద ధనం అక్కరలేదు. నమ్మకం కావలె. ఆ పిల్లలు పెట్టుకొన్న నియమాన్ని ఉపాధ్యాయులూ, కమిటీ సభ్యులూ కూడా పాటించవలె.

మూడవది, రక్షణ. సేవాకార్యంలో ఉన్న బాలిక చదువు మానుతున్నదని తెలిసిన నాడు ఆ ఇంటికి వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడే పెద్దలు ఇద్దరు ముగ్గురైనా ఉండవలె. పూర్వవిద్యార్థుల సంఘాలు చేయదగిన పని ఇంతకు మించినది లేదు. ఉత్సవాలకు విచ్చేసి పూలమాలలు స్వీకరించే పూర్వవిద్యార్థినులు, తాము చదివిన బెంచీలో కూర్చున్న ఒక్కొక్క బాలికకు పదునెనిమిదేండ్లు నిండే వరకు అండగా నిలిస్తే అది సార్థకమైన ఉత్సవం.

నాలుగవది, పొరుగు భాషల ఆడపిల్లలతో చెలిమి. రాష్ట్రం కాని రాష్ట్రంలో తెలుగు మాధ్యమ పాఠశాలగా మనకొక ప్రత్యేక బాధ్యత ఉన్నది. అన్నపూర్ణా మహారణా కటకం నుండి వచ్చి మన గిరిజన బాలలకు చదువు చెప్పారు. మన తెలుగు బాలికలు పక్కనున్న ఒడియా, కువి, సవర పిల్లలకు తాము నేర్చినది నేర్పి, వారి వద్ద వారిది నేర్చుకొంటే ఈ నేల ఋణం కొంత తీరుతుంది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చి, ఆ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించిన బాట మనకు ఉండనే ఉన్నది.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారికి 1975లో పద్మవిభూషణ్ లభించింది. 1981 మే 9న ఆమె దివంగతులయ్యారు. ఆ బిరుదు ఆమె జీవితపు సాయంసంధ్యలో వచ్చింది. కాని ఆమెను దుర్గాబాయిగా తీర్చిదిద్దినది ఆ బిరుదు కాదు. పండ్రెండవ యేట ఒక సభలో ఆమెకు దొరికిన పని, పదునాలుగవ యేట ఒక ద్వారం వద్ద ఆమె మాటకు దక్కిన మన్నన, ఆపై ఇంట్లో ఆమెకు లభించిన తోడు. పద్మ పురస్కారాలను ప్రభుత్వం ఇస్తుంది. ఈ మూడింటిని ఇవ్వగలిగినది ఇల్లూ, బడీ. మన విద్యాలయం రాబోయే పాతికేండ్లలో వాటిని ఒక్క బాలికకు ఇవ్వగలిగినా, ఈ ప్లాటినం జూబిలీ ధన్యమైనట్లే. ఆ పుస్తకంలో మొదటి పుట ఈ సంవత్సరమే తెరవవలసినదిగా పాలకవర్గాన్నీ, ఉపాధ్యాయులనూ, తల్లిదండ్రులనూ ప్రార్థిస్తూ, విద్యాలయానికి శతవసంతాల శుభాకాంక్షలు సమర్పించుకొంటున్నాను.